సభలో చెప్పిన వాటా

మా ఇల్లందులో మహిళా దినోత్సవానికి జరిగే సభలకి నేను ఏటా తప్పకుండా వెడతాను. ఉపన్యాసాల మీద మోజు కొద్దీ కాదు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు సాంఘిక శాస్త్రం చెప్పిన పంతులమ్మని గనక పిలుస్తారు. పిలిచాక వెళ్ళకపోతే బాగుండదు. వెళ్ళాక మొదటి వరసలో కూర్చోబెడతారు. మొదటి వరసలో కూర్చున్న మనిషి మధ్యలో లేచి రావడానికి వీల్లేదు. అంచేత నాకు తెలిసినన్ని ఉపన్యాసాలు ఆఖరిదాకా విన్నవాళ్ళు ఈ ఊళ్ళో మరొకరు లేరని ధైర్యంగా చెప్పగలను. మావారు మాత్రం, "నువ్వు వెళ్ళొచ్చాక వంట ఎలాగూ ఆలస్యమే, ఆ స్త్రీ స్వాతంత్ర్యం నాకు ముందే తెలుసు" అని ఆ పూట హోటలు నుంచి ఇడ్లీ తెప్పించుకుంటారు.

2024 మార్చి సభలో మాట్లాడిన నాయకుడు మంచి వక్త. పార్టీ ఏదని అడక్కండి. ఆ ఉపన్యాసం ఏ పార్టీకైనా సరిపోతుంది. "తండ్రి ఆస్తిలో కొడుకెంతో కూతురూ అంతే! ఇది మేమిచ్చే దానం కాదు, మీ హక్కు!" అన్నాడాయన. తండాల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చిన ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సభ అయిపోయాక గేటు దగ్గర నా కొంగు ఎవరో పట్టుకుని లాగారు. చూద్దును గదా, నా పాత శిష్యురాలు. పేరు రాయను. 2006లో పదో తరగతి. లెక్కల్లో అంతంతమాత్రం గాని సాంఘికంలో ఎప్పుడూ క్లాసులో మొదటిది.

"టీచర్, ఆ సారు చెప్పింది నిజమేనా? మాక్కూడా వస్తదా?"

"రాకేం? 2005లో చట్టం వచ్చిందని మీ క్లాసులోనే చెప్పానుగా!"

"మీరు చెప్పిన్రు టీచర్. నా నోటుబుక్కులో ఉంది. మా అన్నలకు గదే చూపెట్టిన. నవ్విన్రు."

ఈ పిల్ల కథ రెండు మాటల్లో చెబుతాను. మొగుడు వదిలేసి వెళ్ళిపోయాడు. ఒక కూతురు. 2021లో తండ్రి పోయాడు. తండాలో ఆయన పేర మూడెకరాల పాత పట్టా భూమి ఉంది. అదికాక రెండున్నర ఎకరాల పోడు. ఇద్దరన్నలు. పట్టా భూమిలో ఒక ఎకరం ఇవ్వమని అడిగింది. ఆడపిల్లకి భూమి ఇచ్చే ఆచారం తమలో లేదన్నారు వాళ్ళు. ఈ పిల్ల పోట్లాడలేదు, ఏడవనూ లేదు. పెట్టె అడుగునున్న నోటుబుక్కు తీసి చూపించింది. పదిహేనేళ్ళు దాచిందన్నమాట! నేను చెప్పిన పాఠాన్ని అంత భద్రంగా దాచిన శిష్యురాలు ఇంకొకతె లేదు. ఆ పాఠమే తప్పు.

ఆ సంగతి చెప్పినవాడు కొత్తగూడెంలో ఒక వకీలు. నేనే తీసుకువెళ్ళాను, ఎంతో ధీమాగా. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "హిందూ వారసత్వ చట్టం రెండో సెక్షను ఎప్పుడైనా చదివారా అమ్మా?" అన్నాడు. చదవలేదు. ఆరో సెక్షనే చదివాను, కూతురికి వాటా ఇచ్చేది. రెండో సెక్షనులో రెండో ఉపసెక్షను అని ఒకటుందిట. కేంద్ర ప్రభుత్వం గెజెట్టులో ప్రకటిస్తే తప్ప షెడ్యూల్డు తెగలవారికి ఈ చట్టం వర్తించదని అందులో రాసి ఉంది. 1956 నుంచీ ఉంది. 2005లో సవరించినప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. తెగల్లో వారసత్వం వాళ్ళ వాళ్ళ ఆచారం ప్రకారం నడవాలి. ఆచారం ఏమిటో చెప్పేది ఎవరయ్యా అంటే, మగవాళ్ళు.

వకీలు ఇంకో మాట కూడా అన్నాడు. అది ఇప్పటికీ నాకు మింగుడు పడదు. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 1976 నాటి సవరణ చట్టం. దానివల్ల చదువులొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి, అసెంబ్లీలో స్థానాలొచ్చాయి. అది న్యాయమే. కాని ఆ జాబితాలోకి వచ్చిన మరుక్షణం వాళ్ళ ఆడపిల్లలు వారసత్వ చట్టంలోంచి బయటికి పోయారు. ఒక తలుపు తెరిస్తే ఇంకో తలుపు మూసుకుపోయింది. మూసుకున్న చప్పుడు ఎవరికీ వినపడలేదు. "హిందూ ఆచారాలే పాటిస్తున్నారని రుజువు చేస్తే చట్టం వర్తిస్తుందని కొన్ని కోర్టులు అన్నాయి గాని, దాన్ని నమ్ముకుని దిగమని చెప్పలేను" అన్నాడాయన.

బస్సులో తిరిగి వస్తుంటే ఆ పిల్ల నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "పోనీలే టీచర్, మీకు మాత్రం ఏం తెలుస్తది" అంది. ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేసిన మనిషికి అంతకంటే చెప్పుదెబ్బ ఏముంటుంది చెప్పండి? నా క్లాసుల్లో సగం మంది కోయ పిల్లలు, లంబాడా పిల్లలు. ఏడాదికి నలభై మంది లెక్కన ఎంతమందికి చెప్పానో ఆ పాఠం! ఒక్కరి విషయంలోనూ నిజం కాదు.

సరే, సభలో అంత ఘంటాపథంగా చెప్పిన పెద్దమనిషినే అడుగుదామని అర్జీ రాసుకుని మర్నాడు గెస్టుహౌసుకి వెళ్ళాం. మర్యాదగానే కూర్చోబెట్టాడు. టీ ఇప్పించాడు. అర్జీ చదివాడు. చదివాక సభలో మాట్లాడిన మనిషి ఎక్కడికి పోయాడో పోయాడు.

"అమ్మా, ఇది సున్నితమైన విషయం. గిరిజనుల ఆచారాల జోలికి మనం వెళ్ళకూడదు" అన్నాడు.

"నిన్న సభలో ఉన్నవాళ్ళలో మూడొంతుల మంది గిరిజన స్త్రీలే కదండీ?" అన్నాను.

"అది మామూలుగా, అందరికీ కలిపి చెప్పిన మాట."

"మరి ఆచారమే అయితే, మీ ఇళ్ళలో కూడా ఆడపిల్లకి భూమి ఇచ్చే ఆచారం లేదు. దాన్ని చట్టం తీసెయ్యలేదా?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. "ఆడపిల్లలు బయటి కులాలవాళ్ళని చేసుకుంటే గిరిజనుల భూమి పరాయిపాలవుతుందమ్మా. తండాల పెద్దలు ఒప్పుకోరు. అయినా ఇది కేంద్రం చెయ్యాల్సిన పని" అని లేచాడు.

కేంద్రం పనే, కాదనను. గెజెట్టు ప్రకటన ఢిల్లీ నుంచే రావాలి. భూమి పరాయిపాలవుతుందన్న భయమూ కొట్టిపారేయదగ్గది కాదు. ఈ అడవి అంచున ఎంత భూమి చేతులు మారిందో చూసినవాళ్ళం. కాని ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదలాయించకూడదని 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషను ఉండనే ఉంది. మా వైపు చంటిపిల్లలు కూడా దాన్ని 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. అది ఉండగానే మగవాళ్ళ చేతుల్లోంచి భూములు జారిపోయాయి. అందుకని మగవాళ్ళకి వారసత్వం వద్దని ఎవరైనా అన్నారా?

ఆ రాత్రి నాకు మా నాన్న గుర్తొచ్చారు. దానికో కారణం ఉంది.

మా పుట్టిల్లు మధిర వైపు. నాన్నకి ఎనిమిదెకరాల పొలం, ఇద్దరు మగపిల్లలు, నేను. ఎన్టీ రామారావుగారంటే ప్రాణం. ఇంట్లో దేవుడి పటాల వరసలోనే ఆయన పటం. నా పెళ్ళి 1985 మే నెలలో అయింది. అదే ఏడు రామారావుగారి ప్రభుత్వం ఆడపిల్లలకి పిత్రార్జితంలో మగపిల్లలతో సమానంగా వాటా ఇస్తూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రానికి సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కేంద్రం అంతపని చెయ్యడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, దేశం మొత్తానికి దారి చూపిన రాష్ట్రాల్లో మనది ముందువరసలో ఉంది.

అయితే అందులో ఒక మెలిక పెట్టారు. ఆ తేదీకి ముందు పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించదు. నేను నాలుగు నెలలు ముందు పడ్డాను. సెప్టెంబరు 5 గురుపూజోత్సవం కూడాను. తరవాత ప్రతి ఏడూ ఆ రోజు పిల్లలు నాకు పూలు ఇస్తూంటే ఈ సంగతి తలపుకొచ్చేది.

నాన్న రచ్చబండ దగ్గర ఎంత పొంగిపోయారనుకున్నారు! "చూశారా మా వాడి దెబ్బ! ఆడపడుచులకి అన్నగారు అంటే ఊరికే అయ్యాడా?" అని అందరితో వాదించేవారు. ఇంటికొచ్చి అమ్మతో, "మన పిల్ల పెళ్ళి మేలోనే అయిపోయింది, గండం గడిచింది" అన్నారుట. అమ్మే నాతో చెప్పింది, ఎన్నో ఏళ్ళకి. నాన్న అబద్ధమాడేవారు కాదు. రచ్చబండ మీద అన్న మాటా నిజంగానే అన్నారు, ఇంట్లో అన్న మాటా నిజంగానే అన్నారు.

2001లో నాన్న బతికుండగానే పంపకాలు రిజిస్టరు చేయించుకున్నారు. తన వంతు తమ్ముడి పేర వీలునామా రాశారు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం వచ్చింది, పెళ్ళయినవాళ్ళయినా కానివాళ్ళయినా ఒకటే అంది. తండ్రి ఆ నాటికి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాని 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరయిన పంపకాలను కదపకూడదని ఆ చట్టంలోనే ఉంది. నాకు రెండుసార్లూ తేదీలే అడ్డొచ్చాయి. నేనేమీ అడగలేదు లెండి. పండక్కి పిలుస్తారు, చీర పెడతారు. పుట్టింటి గడప తొక్కే వీలు పోగొట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను. క్లాసులో మాత్రం "అడగండి, మీ హక్కు" అని బల్ల గుద్ది చెప్పేదాన్ని.

రామారావుగారి విషయమే తీసుకోండి. ఆడపిల్లకి ఆస్తి ఇచ్చిందీ ఆయనే, 1983లో తిరుపతిలో ఆడవాళ్ళకి విశ్వవిద్యాలయం పెట్టిందీ ఆయనే. సారాని పొట్లాల్లో పోసి 'వారుణి వాహిని' అని పేరు పెట్టి ఊరూరా పారించిందీ ఆయన ప్రభుత్వమే. ఒక చేత్తో పొలం, ఒక చేత్తో పొట్లం. ఆ పొట్లాల మీద 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడ్డారు. 1993 అక్టోబరులో కోట్ల విజయభాస్కరరెడ్డిగారి ప్రభుత్వం సారాని నిషేధించింది. రామారావుగారు దానికి మించి సంపూర్ణ మద్యనిషేధం అన్నారు, 1994 డిసెంబరులో ప్రమాణ స్వీకారం నాడే సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమలు చేశారు. ఆ మంత్రివర్గంలో ఉన్న చంద్రబాబునాయుడుగారే ముఖ్యమంత్రి అయ్యాక 1997లో దాన్ని ఎత్తేశారు. ఖజానాకి డబ్బు కావాలి కదా! ఇంట్లో వెచ్చాలకి డబ్బు కావాలని ఆడవాళ్ళు అడిగినప్పుడు మాత్రం అది ఆర్థికశాస్త్రం కాదు, నైతిక సమస్య.

డబ్బన్నా, బొగ్గన్నా ఒకటే. మాది బొగ్గుట్ట. 1889 నుంచీ బొగ్గు తవ్విన నేల. గనిలోపల ఆడవాళ్ళు పని చెయ్యడం ప్రమాదం అని 1937లో బ్రిటిషు ఇండియాలో పూర్తిగా నిషేధించారు. యుద్ధం వచ్చి బొగ్గు చాలక 1943లో ఆ నిషేధాన్నే ఎత్తేశారు. 1946లో యుద్ధం అయిపోగానే ప్రమాదం మళ్ళీ గుర్తొచ్చింది. 1952 గనుల చట్టమూ ఆ దారినే నడిచింది. చదువుకున్న ఆడపిల్లలు పగటిపూట, తమ ఇష్టప్రకారం, గనిలోపల సాంకేతిక ఉద్యోగాలు చెయ్యవచ్చునని 2019లోగాని అనలేదు. మావారు గని ఆఫీసులో పనిచేసిన మనిషి. ఈ ముక్క చెబితే, "బొగ్గుకి ఆడా మగా తేడా లేదోయ్, మన ఏలినవారికే ఉంది" అన్నారు. ఆయన అప్పుడప్పుడు మంచి మాటలంటారు.

ఢిల్లీ సంగతులు పత్రికల్లో మీరంతా చదివినవే. హిందూ కోడ్ బిల్లు మూలపడినందుకు అంబేద్కర్‌గారు 1951లో మంత్రిపదవి వదులుకున్నారు. పదవి వదులుకోవడం! ఇవాళ మనకి ఆ మాటే కొత్తగా ఉంటుంది. దుర్గాబాయమ్మ వంటివారు ఆ బిల్లు కోసం గట్టిగా నిలబడితే, రాజేంద్రప్రసాద్‌గారంతటి పెద్దలు వద్దన్నారు. చివరికి 1955, 56 సంవత్సరాల్లో ముక్కలు ముక్కలుగా వచ్చింది. చట్టసభల్లో మూడోవంతు స్థానాల బిల్లు సంగతి చూడండి. 1996లో ప్రవేశపెట్టారు. 1998లో లోక్‌సభలో మంత్రి చేతిలోంచి కాగితాలు లాగి చింపేశారు. 2010లో రాజ్యసభ ఒప్పుకుంది, లోక్‌సభకి తీరిక దొరకలేదు. 2023 సెప్టెంబరులో లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరే కాదన్నారు. ఇన్నాళ్ళూ అడ్డుపడినవాళ్ళు ఎక్కడికి పోయారో! జనాభా లెక్కలు, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకనే అమలని అందులో రాశారు. 2024 ఎన్నికలు ఆ వాటా లేకుండానే జరిగాయి, 74 మంది స్త్రీలు లోక్‌సభకి వెళ్ళారు.

మన దగ్గర మాత్రం? 2023 మార్చి 10న కవితగారు ఆ బిల్లు కోసం ఢిల్లీలో నిరాహారదీక్ష చేశారు. అయిదు నెలల తరవాత ఆవిడ పార్టీ 115 మంది అభ్యర్థుల జాబితా ప్రకటించింది. అందులో ఆడవాళ్ళు ఏడుగురు. మిగతా పార్టీలేమైనా తక్కువ తిన్నాయా అంటే అదీ లేదు, మూడోవంతు దరిదాపులకి ఏదీ రాలేదు. ఆ ఎన్నికల్లో 119 మందిలో గెలిచిన స్త్రీలు పదిమంది. మా ఇల్లందు నయం, 2018లో బానోత్ హరిప్రియగారిని అసెంబ్లీకి పంపింది. అది గిరిజనులకు కేటాయించిన స్థానం. అంటే తెగల జాబితా వల్ల ఒక గిరిజన స్త్రీ అసెంబ్లీలో కూర్చోగలిగింది, అదే జాబితా వల్ల నా శిష్యురాలు తండ్రి చేలో నిలబడలేకపోయింది.

ఎర్రజెండాల వాళ్ళ సంగతేమిటంటారేమో. మా ప్రాంతం వాళ్ళ ప్రాంతమే. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు మోసిన ఆడవాళ్ళని పోరాటం ఆగాక ఇళ్ళకి వెళ్ళి వంటలు చేసుకోమన్నారన్న బాధ 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో వాళ్ళ నోటివెంటే వచ్చింది. మా వీధిలో ఉండే ఒక పాత కార్యకర్తని ఈ తండా పిల్ల వాటా గురించి అడిగాను. "దున్నేవాడికే భూమి అన్నాం టీచరమ్మా. దున్నేదానికి అనడం మా నోటికి రాలే" అన్నాడు. అందరిలోకీ ఆయనే కాస్త నిజం చెప్పాడు.

వకీలు దగ్గర నుంచి కబురొచ్చింది 2025 జులైలో. సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చిందని. ఛత్తీస్‌గఢ్‌లో ఒక గోండు కుటుంబం. ఆ ఇంటి ఆడపిల్ల సంతానం తాత ఆస్తిలో తల్లి వాటా అడిగారు. ఆడవాళ్ళకి వాటా ఇచ్చే ఆచారం ఉందని రుజువు చెయ్యమన్నాయి కింది కోర్టులు. సుప్రీంకోర్టు దాన్ని తిరగేసింది. ఆడవాళ్ళకి ఇవ్వకూడదన్న ఆచారం ఉందని ఎవరూ రుజువు చెయ్యనప్పుడు, ఆడది అన్న ఒక్క కారణంతో వాటా లేదనడం సమానత్వానికి విరుద్ధం అంది. వాటా ఇప్పించింది. ఆ చట్టాన్ని సవరించే సంగతి ఆలోచించమని 2022 డిసెంబరులోనే ఆ కోర్టు కేంద్రానికి చెప్పింది కూడా. వకీలు మాటలో హుషారు కనిపించింది. "ఈసారి దారి ఉందమ్మా. గ్యారంటీ మాత్రం ఇవ్వను" అన్నాడు.

ఈ మాట చెబుదామని ఆ పిల్ల ఇంటికి నేనే వెళ్ళాను. తల్లి కూడా అక్కడే ఉంది. ముసలావిడ తెలుగు కొంచెమే మాట్లాడుతుంది. కూతురు లంబాడీలో చెబుతూంటే విని, లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. పోడు భూమి పట్టా. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చింది.

"చదువు టీచర్" అంది శిష్యురాలు.

చదివాను. పట్టాదారు పేరు దగ్గర ఆ పిల్ల తండ్రి పేరు, పక్కనే తల్లి పేరు. భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది. ఆ ముక్క నాకు తెలుసు, ఎప్పుడూ పట్టించుకోలేదు. ముసలావిడ కూతురితో ఏదో గట్టిగా అంది.

"ఏమంటోంది?"

"పట్టా భూమి కోర్టు చూసుకుంటది. ఈ చేను నాది. నేనున్నన్ని రోజులు నా బిడ్డ ఇందులో పత్తి ఏసుకుంటది, ఎవడొస్తడో రమ్మను అంటంది మా యాడి."

ముసలావిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ కవరులో చుట్టేసింది. నాకు మాత్రం టీ ఇచ్చేదాకా లేవనివ్వలేదు.

సోమవారం కొత్తగూడెం వెడుతున్నాం, ముగ్గురమూ. పొద్దున్న మొదటి బస్సుకి. మావారు ఇడ్లీకి చెప్పుకున్నారు.